గడప దాటని ఆటలు

పిండివంటల్లో రెండు జాతులున్నాయని ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. అరిసెలు, జంతికలు, సున్నుండలు ప్రయాణం చేసే జాతి. డబ్బాలో సర్ది, మూతకి గుడ్డ కట్టి పంపిస్తే ఢిల్లీలో ఉన్న కూతురింటికైనా, డెట్రాయిట్‌లో ఉన్న కొడుకింటికైనా చెక్కుచెదరకుండా చేరతాయి. పెసరట్టు అలా కాదు. పెనం మీంచి పళ్ళెంలోకి రావడంతో దాని యాత్ర పూర్తవుతుంది. దాన్ని తినాలంటే మనమే దాని దగ్గరికి వెళ్ళాలి గాని, అది మన దగ్గరికి రాదు.

నేనివాళ చెప్పబోయేది పెసరట్టులాగా పుట్టిన ఇంట్లోనే ఉండిపోయిన కొన్ని ఆటల గురించి. కాకపోతే ఇక్కడ ఒక తిరకాసుంది. పెసరట్టు చల్లారితే రుచి ఉండదు కాబట్టి ప్రయాణం చెయ్యదు. ఈ ఆటలు చల్లారేవి కావు. ప్రయాణానికి అన్నివిధాలా పనికొచ్చేవే. ఎవరో పెద్దమనుషులు కూర్చుని, ‘ఇవి బయటివాళ్ళకి నచ్చవు, అర్థం కావు’ అని తేల్చడం వల్ల గడప లోపల ఉండిపోయాయి.

అవి వీడియో గేములు. ‘ఆ గోల పిల్లలది, మనకెందుకూ?’ అని పేజీ తిప్పెయ్యబోయేవారికి ఒక్క మనవి. ఇందులో ఒక పెళ్ళి ఉంది. ఒక జోలపాట ఉంది. పాలూ, పెరుగూ కూడా ఉన్నాయి. అవి వచ్చేదాకా కాస్త ఓపిక పట్టండి.

జపాను దేశంలో క్యోటో అని ఒక పాత రాజధాని. గుళ్ళూ, తోటలూ, పట్టు నేతా ఉన్న ఊరు, మన కంచిలాంటిదనుకోండి. అక్కడ 1889లో ఫుసజిరో యమౌచి అనే ఆయన పేకముక్కలు తయారుచేసే దుకాణం పెట్టాడు. మన ఆసూ జాకీల పేక కాదు. ‘హనఫుదా’ అంటారు, పువ్వుల పేక అన్నమాట. నెలకొక చెట్టో పువ్వో చొప్పున పన్నెండు నెలలకి పన్నెండు, ఒక్కొక్కదానికి నాలుగు ముక్కలు, మొత్తం 48. ఆ దుకాణం పేరే నింటెండో. ఈ పేకముక్కల వ్యాపారాన్ని బొమ్మల వైపూ, ఆ తర్వాత టీవీ ఆటల వైపూ తిప్పినవాడు ఫుసజిరో మునిమనవడు హిరోషి యమౌచి.

1983 జులై 15న ఆ కంపెనీ ఒక చిన్న పెట్టెని బజారులోకి తెచ్చింది. ఎరుపూ, తెలుపూ కలిసిన ప్లాస్టిక్ పెట్టె. వెల 14,800 యెన్లు. దాన్ని రూపొందించిన ఇంజనీరు మసయుకి ఉఎమురా. పెట్టె పేరు ‘ఫ్యామిలీ కంప్యూటర్’. ఇంటిల్లిపాదీ ఆడుకునేది అని అర్థం వచ్చేలా పెట్టారు. జపాను పిల్లలు దాన్ని కుదించి ‘ఫామికామ్’ అన్నారు. టీవీకి తగిలించి, పైన అరచేతంత ప్లాస్టిక్ బిళ్ళ గుచ్చితే ఆట వస్తుంది. ఆ బిళ్ళని వాళ్ళు కూడా ‘క్యాసెట్టు’ అనేవాళ్ళట! మన పిల్లలు కూడా సరిగ్గా అదే మాట అన్నారు కదూ. అందుకని నేను కూడా క్యాసెట్టనే అంటాను.

జపానులో ఈ పెట్టె గెలిచాక నింటెండో కన్ను అమెరికా మీద పడింది. అయితే అక్కడ సరిగ్గా 1983లోనే టీవీ ఆటల వ్యాపారం కుప్పకూలింది. నాసిరకం ఆటలు కుప్పలు తెప్పలుగా వచ్చిపడి, కొనేవాళ్ళకి మొహం మొత్తింది. దుకాణాల వాళ్ళు ఆ మాటెత్తితేనే చేతులు అడ్డం పెట్టేవాళ్ళు. అందుకని ఫామికామ్‌ని కొత్త వేషంలో పంపాల్సివచ్చింది. అత్తవారింటికి వెళ్ళే పిల్లకి పేరు మార్చే ఆచారం మనలో కొన్ని ఇళ్ళలో ఉండేది చూడండి, అలాగే దీనికీ పేరు మార్చారు. ‘నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్’ అన్నారు. ఎరుపు, తెలుపు చీర విప్పించి బూడిదరంగు కోటు తొడిగారు. క్యాసెట్టుని వీసీఆర్‌లో వేసినట్టు ముందునుంచి తోసేలా చేశారు. ఇది ఆటబొమ్మలా కనబడితే దుకాణాల వాళ్ళు గుమ్మం ఎక్కనివ్వరేమోనని ఇన్ని తంటాలు! 1985 అక్టోబరులో న్యూయార్క్‌లో మొదలుపెట్టి, మరుసటేడు దేశమంతా అమ్మారు.

వేషంతోపాటు తాళం కూడా మార్చారు. జపాను క్యాసెట్టు అంచున 60 పిన్నులుంటే, అమెరికా క్యాసెట్టుకి 72 పెట్టారు. దీని క్యాసెట్టు దానిలో పట్టదు. పైగా అమెరికా పెట్టెలో ఒక కావలి చిప్పు కూడా పెట్టారు. క్యాసెట్టులో దానికి జోడీ చిప్పు ఉంటేనే ఆట నడుస్తుంది. నాసిరకం సరుకు మళ్ళీ రాకుండా ఈ కట్టుదిట్టం. బయటి కంపెనీలు ఏడాదికి ఐదు ఆటలకి మించి తేకూడదని కూడా నియమం పెట్టారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, సరుకులో నాణ్యం నిలిచింది, వ్యాపారమూ లేచింది. కాని గుమ్మానికి తాళం వేస్తే దొంగలతోపాటు చుట్టాలు కూడా బయటే ఆగిపోతారు. ఫామికామ్‌కి జపానులో వెయ్యికి పైగా ఆటలొచ్చాయి. వాటిలో వందలకొద్దీ అమెరికా మొహం చూడలేదు.

ఆగిపోయినవాటి కారణాలు తలోరకం. ముందు తమాషాగా ఉండే ఒకటి చెబుతాను.

మీసాల మారియో పేరు వినని ఇల్లుండదు. 1986లో జపానులో ‘సూపర్ మారియో బ్రదర్స్ 2’ వచ్చింది. మొదటిదానికంటే చాలా కష్టమైన ఆట. తింటే బలం రావలసిన పుట్టగొడుగుల్లో విషపు పుట్టగొడుగులు కూడా కలిపారు! అమెరికా ఆఫీసువాళ్ళు ఆడిచూసి, మావాళ్ళు దీన్ని భరించలేరు పొమ్మన్నారు. మరి రెండో మారియో లేకపోతే ఎలా? జపానులో 1987లో వచ్చిన వేరే ఆటొకటి ఉంది. అందులో ఒక కుటుంబం ఉంటుంది. అబ్బాయి, అమ్మాయి, ‘మామా’, ‘పాపా’. అంటే అమ్మా, నాన్నా. ఆ నలుగురినీ తీసేసి, వాళ్ళ స్థానంలో మారియో బృందాన్ని కూర్చోబెట్టి, 1988లో అమెరికాలో ఇదే రెండో మారియో అన్నారు. అమ్మ స్థానంలోకి వచ్చినవాడు మారియో తమ్ముడు లూయీజీ. ఆవిడ గాల్లోకి ఎత్తుగా ఎగిరేది. ఆ ఎగరడం లూయీజీకి సంక్రమించింది. ఆ ఆటలో అన్నకంటే తమ్ముడు ఎత్తుకి ఎగురుతాడంటే ఆ తెలివితేటలు ఒక అమ్మవి! అసలు రెండో ఆట 1993లో గాని అమెరికావాళ్ళకి అధికారికంగా దక్కలేదు. అదీ ‘పోయిన మెట్లు’ అనే అర్థం వచ్చే వేరే పేరుతో.

వరస తప్పిన కథ ఇంకోటి. ‘ఫైనల్ ఫాంటసీ’ అని కథలతో నడిచే ఆటల వరస ఒకటుంది. అమెరికాకి మొదటిది వెళ్ళింది. రెండోదీ, మూడోదీ వెళ్ళలేదు. నాలుగోది వెళ్ళింది గాని, దాన్ని ‘రెండోది’ అని పరిచయం చేశారు. ఐదోది వెళ్ళలేదు. ఆరోది వెళ్ళి, ‘మూడోది’ అయింది. 1997లో ఏడోది ఏడో నంబరుతోనే దిగేసరికి అమెరికా కుర్రాళ్ళు తెల్లబోయారు. ముగ్గురు ఆడపిల్లల్ని లోపల గదిలో కూర్చోబెట్టి, పెళ్ళివారికి మాకు ముగ్గురే అని చెప్పినట్టుంది కదూ!

ఇలాంటివాటికి నవ్వుకోవచ్చు. కాని కొన్ని ఆటలు ఆగిపోవడం నవ్వులాట కాదు. అందులోకి వస్తున్నాను.

1986 మే నెలలో ‘డ్రాగన్ క్వెస్ట్’ అనే ఆట జపానులో వచ్చింది. రాసినవాడు యుజి హొరీ, బొమ్మలు వేసినవాడు ప్రసిద్ధ చిత్రకారుడు అకిరా తోరియామా, సంగీతం కోయిచి సుగియామా. ఈ ఆటలో వేళ్ళ చురుకుతనంతో పనిలేదు. ఊరూరా తిరిగి మనుషులతో మాట్లాడాలి, వాళ్ళు చెప్పింది గుర్తుపెట్టుకోవాలి. మన సీరియల్ నవలలాగా కథలోకి దిగిపోవాలి. ఆట మధ్యలో ఆపితే, ఎక్కడ ఆపామో తిరిగి చెప్పడానికి 20 అక్షరాల రహస్య వాక్యం ఒకటి ఇచ్చేది. రెండో ఆటకొచ్చేసరికి అది 52 అక్షరాల దాకా పెరిగింది. పిల్లలు దాన్ని కాయితం మీద రాసుకోవాలి. ఒక్క అక్షరం తప్పు రాశారా, అంతవరకూ పడ్డ కష్టమంతా గోవిందా! ఎక్కాలు తప్పులు రాసే పిల్లలు కూడా ఇవి మాత్రం ఒత్తు తప్పకుండా రాసుకుని ఉంటారని నా అనుమానం. మూడో భాగం వచ్చిన 1988 ఫిబ్రవరిలో పిల్లలు బడి ఎగ్గొట్టి దుకాణాల ముందు బారులు తీరారు.

ఇంతటి ఆట అమెరికాకి మూడేళ్ళు ఆలస్యంగా, 1989లో వెళ్ళింది. అక్కడ చప్పగా నడిచింది. అమ్ముడుపోని క్యాసెట్లని సబ్బుపొడితో చెంచా ఇచ్చినట్టు, నింటెండో వారి పత్రికకి చందా కట్టినవాళ్ళకి ఉచితంగా పంచారు. నాలుగో భాగం దాకా ఎలాగో నెట్టుకొచ్చి, ఐదో దగ్గర ఆపేశారు.

ఆ ఐదో భాగంలోనే మన పెళ్ళి ఉంది.

అది 1992 సెప్టెంబరులో, ఫామికామ్ తర్వాత వచ్చిన ‘సూపర్ ఫామికామ్’ మీద విడుదలైంది. కథానాయకుడు మొదట్లో చిన్న కుర్రవాడు. తండ్రి చెయ్యి పట్టుకుని ఊళ్ళు తిరుగుతూ ఉంటాడు. బియాంకా అనే స్నేహితురాలుంటుంది. ఆ పసివాణ్ణి పట్టుకుని కత్తి గొంతుకానించి, నువ్వు తిరగబడితే వీణ్ణి చంపుతామంటారు దుర్మార్గులు. తండ్రి చేతులు దించేసి దెబ్బలు తిని ప్రాణం వదులుతాడు. పిల్లవాడు పదేళ్ళు బానిసగా రాళ్ళు మోస్తాడు. తప్పించుకుని యువకుడయ్యాక పెళ్ళి ఘట్టం వస్తుంది. ఒక పక్క ఫ్లోరా, ధనవంతుడి కూతురు, నెమ్మదస్తురాలు. మామగారి అండ ఉంటుంది, కానుకలుంటాయి. రెండో పక్క చిన్ననాటి బియాంకా. ఆమెకి ఆస్తి లేదు, తండ్రి జబ్బుమనిషి. పెళ్ళికి కావలసిన ఉంగరం కోసం తనే ఇతనితోపాటు బయలుదేరి సాయం చేస్తుంది. ఆ రాత్రి గడిచి తెల్లవారేసరికి ఎవరో ఒకరి పేరు చెప్పాలి. చెప్పేది కథానాయకుడు కాదు, ఆడేవాళ్ళు!

ముప్ఫయ్యేళ్ళు దాటినా జపాను మనుషులు ‘మీరు ఎవర్ని చేసుకున్నారు?’ అని ఒకర్నొకరు అడిగి వాదించుకుంటూ ఉంటారంటే, ఆ కథ ఎంత లోపలికి దిగిందో చూడండి. మన ఆదివారం మధ్యాహ్నాల్లో నవలా నాయిక ఎవర్ని చేసుకుని ఉండాల్సింది అని తగువులు పడలేదూ? అలాగే.

పెళ్ళితో కథ ముగియదు. కవల పిల్లలు పుడతారు, కొడుకూ కూతురూ. అంతలో శాపం తగిలి భార్యాభర్తలిద్దరూ రాళ్ళవుతారు. కథానాయకుణ్ణి వేలంలో ఎవరో కొనుక్కుని తమ ముంగిట్లో అలంకారానికి నిలబెట్టుకుంటారు. ఎనిమిదేళ్ళు! ఎండా, వానా, మంచూ అతని కళ్ళముందే తిరిగిపోతాయి. ఆ ఇంటి పసివాడు పెరుగుతుంటే చూస్తూ ఉంటాడు గాని, తన పిల్లలు ఎక్కడున్నారో తెలీదు. ఆఖరికి ఆ పిల్లలే వెతుక్కుంటూ వచ్చి తండ్రికి ప్రాణం పోస్తారు. మొదట్నుంచీ అందరూ వెతుకుతున్న మహావీరుడు ఇతను కాదని, ఇతని కొడుకని తెలుస్తుంది. దివ్యఖడ్గం తండ్రి చేతికి లొంగదు, కొడుకు చేతికి లొంగుతుంది. తండ్రిని పోగొట్టుకున్నవాడు తండ్రయి, వీరుణ్ణి పెంచడమే తన వీరత్వమని తెలుసుకోవడం ఈ కథ.

అయ్యా, ఇది ఇంగ్లీషులో అధికారికంగా ఎప్పుడొచ్చిందనుకున్నారు? 2009లో. పదిహేడేళ్ళ తర్వాత, చేతిలో పట్టుకుని ఆడే మరో యంత్రం మీద. 1992లో పన్నెండేళ్ళ కుర్రాడు 2009కి తనే పిల్లల తండ్రి!

ఇక జోలపాట. షిగెసాతో ఇతోయి అని జపానులో పేరుపొందిన రచయిత. ప్రకటనలకి పదునైన వాక్యాలు రాసేవాడు. జపాను బొమ్మల సినిమా ‘మై నైబర్ టొటొరో’లో ఆడపిల్లల తండ్రి పాత్రకి గొంతు ఇచ్చింది ఆయనే. 1989లో ఆయన ఫామికామ్‌కి ఒక ఆట రాశాడు. దాని పేరు ‘మదర్’. కత్తులూ, కోటలూ లేవు. ఇప్పటి ఊళ్ళూ, ఇళ్ళూ, రైళ్ళూ. ఆట మొదట్లో మీకిష్టమైన వంట ఏమిటని అడుగుతుంది. ఏది రాస్తే అది, కుర్రాడు అలసిపోయి ఇంటికొచ్చినప్పుడల్లా అమ్మ వండిపెడుతుంది. నాన్న ఎప్పుడూ కనబడడు. ఫోనులో మాట్లాడతాడు, బ్యాంకులో డబ్బు వేస్తాడు. ఉద్యోగం పేరుతో ఇంటిపట్టున ఉండని తండ్రులున్న ఇళ్ళన్నీ ఇందులో కనబడతాయి. నవ్వూ వస్తుంది, మనసులో కాస్త చివుక్కుమంటుంది కూడా.

ఈ కథలో విలన్ వేరే లోకంనుంచి వచ్చినవాడు. వాణ్ణి పసితనంలో పెంచింది మరియా అనే మానవ స్త్రీ. తర్వాత వాడు మనుషులకి శత్రువవుతాడు. కుర్రాడు ఊరూరా తిరిగి ఎనిమిది పాట ముక్కలు పోగుచేస్తాడు. ఒకటి బొమ్మ దగ్గర, ఒకటి పక్షి దగ్గర, ఇలా. చివరి యుద్ధంలో ఏ ఆయుధమూ పనిచెయ్యదు. చెయ్యగలిగింది పాడటమొక్కటే. ఆ ఎనిమిది ముక్కలూ కలిస్తే, వాణ్ణి చిన్నప్పుడు నిద్రపుచ్చిన మరియా జోలపాట! పాట వినలేక వాడు ఆపమని అరుస్తాడు. కురుక్షేత్రాన్ని ఆపగలిగిన జోలపాట ఒకటుంటే బాగుండునని ఏ తల్లికి అనిపించదు? కాల్చడం, నరకడం తప్ప ఏమీ ఉండదని మనం విసుక్కునే వీడియో గేముల్లో అలాంటిదొకటి 1989లోనే ఉంది.

దీన్ని 1990లో ఇంగ్లీషులోకి పూర్తిగా మార్చారు. బొమ్మలు సరిచేశారు, మాటలు రాశారు, అమ్మడమే తరువాయి. అంతలో అమ్ముడుపోదేమోనన్న సందేహం వచ్చి, వండిన వంట వడ్డించకుండా మూతపెట్టేశారు. నమూనా క్యాసెట్లు కొన్ని మాత్రం ఎవరెవరి దగ్గరో ఉండిపోయాయి. 1998లో అభిమానులు చందాలు వేసుకుని అలాంటి ఒక క్యాసెట్టుని దాని యజమాని నుంచి సంపాదించి, అందులో ఉన్నది లోకానికి పంచారు. కంపెనీ దాన్ని అధికారికంగా 2015లో విడుదల చేసింది. సిద్ధమయ్యాక పాతికేళ్ళకి!

ఇంత ఓపికా, ఇంత పట్టుదలా వీళ్ళకెక్కణ్ణుంచి వచ్చాయా అని ఆలోచిస్తే ఆశ్చర్యమేస్తుంది. కావలసిన ఆట తమ దేశానికి రాదని తెలిశాక అమెరికా కుర్రాళ్ళు జపాను క్యాసెట్లు తెప్పించుకోవడం మొదలుపెట్టారు. మనకి ఒకప్పుడు ఫారిన్ సరుకంటే ఎంత మోజో, వాళ్ళకి జపాను సరుకంటే అంత. మరి తాళం? మొదట్లో ‘జైరోమైట్’ అనే అమెరికా క్యాసెట్లు కొన్నిటి లోపల జపాను బిళ్ళే ఉండేది, 60 పిన్నుల్ని 72కి కలిపే అతుకుముక్కతో సహా. ఈ రహస్యం తెలిసి, ఆ క్యాసెట్టు కొని, బొమ్మ పొట్ట కోసినట్టు విప్పి అతుకుముక్క తీసుకునేవారు! సూపర్ ఫామికామ్‌కి ఇంకా తేలిక. అమెరికా పెట్టె నోట్లో జపాను క్యాసెట్టుని అడ్డుకునేవి రెండు ప్లాస్టిక్ పళ్ళు. పటకారుతో అవి ఊడబెరికితే సరి. వందల డాలర్ల గేట్లు కావు, రెండు ప్లాస్టిక్ పళ్ళు!

పిన్నుల తాళం విడిపోయింది. భాష తాళం అలా విడేదా? కొందరు నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని జపాను నేర్చుకున్నారు. 1990ల చివర్లో కంప్యూటర్ల మీద ఈ ఆటలు ఆడే వీలు కలిగాక, కాలేజీ కుర్రాళ్ళు కొందరు జట్లు కట్టి అనువాదాలకి దిగారు. జీతం లేదు, పేరు లేదు. పని చూస్తే మాటలు మార్చడం ఒక్కటే కాదు. జపాను లిపిలో ఒక గుర్తు ఒక అక్షరాన్ని పలుకుతుంది, మన తెలుగులాగే. ‘సకురా’ అనే మాట మనకీ వాళ్ళకీ మూడక్షరాలు. ఇంగ్లీషులో రాస్తే ఆరు! మొదటి డ్రాగన్ క్వెస్ట్ మొత్తం 64 కిలోబైట్లలో ఇమిడిన ఆట. ఇవాళ ఫోనులో ఒక్క ఫొటోకి దానికెన్నో రెట్లు కావాలి. అంత ఇరుకు అరల్లో మూడక్షరాల చోట ఆరక్షరాలు పట్టాలంటే గోడలు జరపాలి, గూళ్ళు మళ్ళీ కట్టాలి. చిన్న గిన్నెలో పెద్ద కుటుంబానికి వంట చెయ్యడం తెలిసిన మనకి ఆ అవస్థ వేరే చెప్పనక్కర్లేదు. ‘ఫైనల్ ఫాంటసీ’ ఐదో భాగం అలాగే ఇంగ్లీషులోకొచ్చింది. ‘మదర్’ వరసలో మూడోది 2006లో జపానుకే పరిమితమై వస్తే, అభిమానులు దాదాపు రెండేళ్ళు కష్టపడి 2008 అక్టోబరులో అనువాదం బయటపెట్టారు. కావాలంటే మా మాటలు ఉచితంగా వాడుకోండని ఆ అనువాదకుడు కంపెనీకి కబురు కూడా పెట్టాడు. కంపెనీ తీసుకోలేదు. 2024లో ఆ ఆటని మళ్ళీ విడుదల చేసినప్పుడు కూడా జపానుకే చేసింది.

ఏదైనా ఒక కథ మనదాకా రావడానికి మధ్యలో ఎవరో ఒకరు రాత్రులు మేలుకుని ఉంటారు. శరత్‌బాబు తెలుగువాడేననుకుని పెరిగిన తరం మనది. ఆ అనుకోవడం వెనక చక్రపాణి గారిలాంటి అనువాదకుల కష్టం ఉంది. ‘వంగదేశపు బాధలు ఆంధ్రదేశపు ఆడవాళ్ళకేం అర్థమవుతాయి?’ అని వాళ్ళు అనుకుని ఉంటే మనకి పార్వతీ లేదు, రాజ్యలక్ష్మీ లేదు.

ఇంతకీ పాలూ పెరుగూ ఏవీ అంటారా? అవి మన ఇళ్ళలోనే ఉన్నాయి.

1990లలో మన ఊళ్ళలో ఎలక్ట్రానిక్ సామాను దుకాణాల్లో టీవీ ఆటల పెట్టెలు వచ్చాయి, జ్ఞాపకముందా? వేసవి సెలవుల్లో పిల్లలు గంటకింతని అద్దె ఇచ్చి ఆడుకునేవారు కూడా. వాటిలో చాలాభాగం తైవాన్, చైనాల్లో తయారైన ఫామికామ్ నకళ్ళు. అసలు తయారుచేసినవాళ్ళకి వాటివల్ల పైసా ముట్టలేదు, అది న్యాయం కాదు, నిజమే. కాని అవి నకళ్ళు కావడంవల్ల ఒక విచిత్రం జరిగింది. అవి అమెరికా 72 పిన్నుల పెట్టెకి కాదు, జపాను 60 పిన్నుల పెట్టెకి నకళ్ళు. కావలి చిప్పు లేదు. దాంతో జపాను గడప దాటని ఆటలు ‘వెయ్యి ఆటలు ఒకే క్యాసెట్టులో’ అని బొంకే పచ్చ క్యాసెట్లలో కూర్చుని నేరుగా మన హాల్లోకి వచ్చాయి!

పిల్లలు ‘ట్యాంకుల ఆట’ అనేవారే, ఇటుకగోడల మధ్య గద్దబొమ్మని కాపాడుతూ ఇద్దరు కలిసి ఆడేది? అది 1985లో నామ్కో కంపెనీ చేసిన ‘బ్యాటిల్ సిటీ’. ఆ రోజుల్లో అమెరికా నింటెండో పెట్టెకి అది అధికారికంగా రాలేదు. నిప్పుల వలయాల్లోంచి సింహం మీద దూకే సర్కసు ఆట కూడా ఫామికామ్ మీద జపానుకే పరిమితం. ఇంకొకటి 1984లో వచ్చిన ‘నట్స్ అండ్ మిల్క్’. గుండ్రటి ముద్దలాంటి కథానాయకుడి పేరు మిల్క్, అంటే పాలు. దారిలో పళ్ళన్నీ ఏరుకుని తనకి కాబోయే భార్య దగ్గరికి చేరాలి. ఆవిడ పేరు యోగర్ట్, అంటే పెరుగు! మనలో ఎవరో పేర్లు పెట్టినట్టు లేదూ? మరొకదానిలో రెండు పెంగ్విన్ పక్షులు, ప్రేమికులు. ఒకటి కుడికి కదిలితే రెండోది ఎడమకి కదులుతుంది. ఇద్దరూ ఒకేసారి పైనున్న హృదయం గుర్తు దగ్గరికి చేరితేనే మెట్టు పూర్తవుతుంది. సంసారం గురించి అంతకంటే క్లుప్తంగా ఎవరు చెప్పారు?

ఇవేవీ మనకి అర్థం కావని, నచ్చవని కూర్చుని తేల్చేవాళ్ళు ఎవరూ లేకపోయారు. నంద్యాలలో పిల్లాడూ, నల్గొండలో పిల్లా ఒక్క జపాను అక్షరం రాకుండా వాటిని ఆడి, గెలిచి, కరెంటు పోతే ఏడ్చి, మళ్ళీ ఆడారు.

‘నీకు అర్థం కాదులే’ అనే మాట ఆడవాళ్ళు విన్నన్ని సార్లు ఇంకెవరూ విని ఉండరు. లెక్కల పుస్తకం దగ్గర విన్నాం, బ్యాంకు కాయితాల దగ్గర విన్నాం, రాజకీయాల దగ్గర విన్నాం. మంచితనంతో అన్నా సరే, ఆ మాట ఒక కథని పదిహేడేళ్ళు, ఇంకో కథని పాతికేళ్ళు పెట్టెలో పెట్టి మూత వెయ్యగలదని ఈ ఆటల చరిత్ర చెబుతోంది. తెరిచి చూశాక అర్థం కానిది ఏమీ లేదు అందులో. ఒక తండ్రి, ఒక పెళ్ళి, ఒక జోలపాట.

అన్నట్టు, మీ అటక మీద పాత సామాన్ల మధ్య పచ్చ క్యాసెట్టు ఏదైనా మిగిలుందేమో చూడండి. ఉంటే దాని సంగతి అమెరికాలో ఉన్న మీ అబ్బాయికో, అమ్మాయికో ఫోను చేసి చెప్పండి. వాళ్ళ పక్కింటివాళ్ళు చిన్నప్పుడు పటకారు పట్టుకుని ఎక్కడినుంచో తెప్పించుకోవాల్సిన సరుకు, ఇక్కడ మీరు అన్నానికి లేవమని కేకలేస్తుంటే వాళ్ళు వినిపించుకోకుండా ఆడిన ఆటేనని.